ముష్టి చెట్టు – చిల్ల చెట్టు : తేడా తెలుసుకుందాం!



మొన్న ఆదివారం కొండకు పోయినప్పుడు ఐదో తరగతి తమ్ముడొకడు "అన్నా, నారింజపండు!" అని చెయ్యి చాపాడు. చూస్తే ముష్టిపండు! అందుకే ఇది రాస్తున్నాను.

ముష్టి, చిల్ల (ఇందుప) అక్కాచెల్లెళ్ళ లాంటి చెట్లు. రెండూ స్ట్రిక్నోస్ అనే ప్రజాతివే. రెండింటికీ ఆకులు ఎదురెదురుగా ఉంటాయి. ఆకు మొదట్లోంచి మూడు లేక ఐదు ఈనెలు కొసదాకా సాగుతాయి. కాబట్టి ఆకు ఒక్కటే చూసి మోసపోవద్దు.

బెరడు: ముష్టిది బూడిద రంగు, నున్నగా ఉంటుంది. చిల్లది నల్లగా, నెర్రెలు విచ్చి ఉంటుంది.

పండు: ముష్టిపండు నారింజ రంగు, పెంకు గట్టి, గింజలు బిళ్ళల్లా ఉంటాయి. చిల్లపండు చిన్నది, పండితే నలుపు, లోపల గుండ్రటి గింజ సాధారణంగా ఒకటే.

ముష్టిగింజలో స్ట్రిక్నిన్ అనే విషం ఉంది. ఒళ్ళంతా బిగుసుకుపోయి, ఊపిరాడక ప్రాణం పోతుంది. చిల్లగింజను కుండ లోపల అరగదీస్తే బురదనీళ్ళు తేరుకుంటాయి. కానీ క్రిములు చావవు, ఆ నీళ్ళు మరిగించే తాగాలి.

తెలియని పండు నోట పెట్టకండి. ఎవరైనా తింటే, తిట్లు పడతాయని దాచకండి. వెంటనే వార్డెన్ గారికి చెప్పి ఆసుపత్రికి తీసుకుపోవాలి. తిట్లు సాయంత్రానికి మర్చిపోతాం, ప్రాణం పోతే తిరిగి రాదు!

– 9వ తరగతి విద్యార్థి