వేట ఒకరిది, విందు ఒకరిది

సంత్రాగాఛి పేరు చెప్పగానే మన తెలుగువాళ్ళలో చాలామందికి హౌరా దగ్గరి రైల్వే స్టేషనే గుర్తుకొస్తుంది. ఆ స్టేషన్‌ను ఆనుకుని రైల్వే స్థలంలోనే సుమారు 30 ఎకరాల చెరువు ఒకటి ఉంది. స్థానికులు దాన్ని ‘ఝీల్’ అంటారు. చలికాలంలో వేల సంఖ్యలో బాతులు అక్కడ దిగుతాయి. వాటిలో ఎక్కువ భాగం ఈల వేసినట్టు కూసే బాతులే. బదిలీ మీద కోల్‌కతా వచ్చినప్పటి నుంచి సెలవు రోజుల్లో ఉదయం పూట ఆ గట్టు మీద గడపడం నాకు అలవాటైంది. బాతుల సంగతి అలా ఉంచితే, నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మాత్రం అక్కడ జరిగే దొంగతనాలు!

ఒక జంతువు సంపాదించుకున్న ఆహారాన్ని మరొకటి లాక్కోవడాన్ని శాస్త్రవేత్తలు ‘క్లెప్టోపారాసిటిజం’ అంటారు. మనం ఆహార చౌర్యం అనుకుందాం.

దొంగతనానికీ ఓ లెక్క

నీటికాకిని గమనించండి. చిన్న చేప దొరికితే క్షణంలో మింగేస్తుంది. పెద్ద చేప దొరికితేనే చిక్కు. ముళ్ళు గొంతులో గుచ్చుకోకుండా తల వైపు నుంచి మింగాలి కాబట్టి నీటిపైకి వచ్చి, చేపను ఎగరేసి, తిప్పి పట్టుకోవాలి. పైన చక్కర్లు కొట్టే నల్ల గద్ద కాచుకునేది ఆ కొద్ది క్షణాల కోసమే. అది మీదికి దూకితే నీటికాకి బెదిరి చేపను వదిలేస్తుంది. గద్ద దాన్ని నీటి మీది నుంచి ఎత్తుకుపోతుంది. అయితే గద్దకూ సుఖం లేదు. రెండు కాకులు చేరి, ఒకటి తోక లాగుతుంటే రెండోది ముందు నుంచి తిండి మీదకు వస్తుంది.

జేన్ బ్రాక్‌మన్, క్రిస్ బర్నార్డ్ అనే శాస్త్రవేత్తలు 1979లో పక్షుల ఆహార చౌర్యంపై ఒక సమీక్షా వ్యాసం రాశారు. ఎలాంటి పరిస్థితుల్లో ఈ అలవాటు పెరుగుతుందో అందులో చర్చించారు. ఆహారం సంపాదించే పక్షులు ఒకేచోట గుంపుగా ఉండాలి. దొరికే ఆహారం పెద్దదై, కంటికి కనబడేలా ఉండాలి. తిండికి కొరత ఉన్నా దొంగతనం పెరుగుతుంది. అంటే ఇది స్వభావంలోని చెడ్డతనం కాదు, ఖర్చుకూ రాబడికీ మధ్య లెక్క. సొంతంగా వేటాడటం కన్నా లాక్కోవడం చవక అనిపించినప్పుడే గద్ద ఆ పనికి దిగుతుంది.

ఇంతకీ దొంగ ఎవరు?

ఆఫ్రికాలో సింహం తింటుంటే చుట్టూ హైనాలు కాచుకుని ఉండటం చూసి, అవి ఎంగిలికి ఆశపడే జంతువులని లోకం చాలాకాలం నమ్మింది. 1960వ దశకంలో హాన్స్ క్రూక్ అనే శాస్త్రవేత్త టాంజానియాలోని గోరోంగోరోలో రాత్రివేళల్లో వాటిని వెంబడించి చూశారు. చాలాసార్లు వేటాడింది హైనాలే. ఆ అరుపులు విని వచ్చి లాక్కున్నది సింహం! తెల్లవారాక వచ్చినవాళ్ళకు మాత్రం సింహం యజమానిలా, హైనా బిచ్చగత్తెలా కనబడేవి. ఆస్తి ఎవరి చేతిలో ఉందో చూసి హక్కు తేల్చేయకూడదని బ్యాంకు ఉద్యోగులకు వేరే చెప్పాలా?

ఓడినవారి తెలివి

నష్టపోయే జంతువులు ఎందుకు ఎదురు తిరగవు? చీతానే తీసుకోండి. ఒక్క పరుగుతో అలసిపోయి ఆయాసపడుతుంటుంది. ఆ స్థితిలో సింహంతో పోరాడి కాలు విరగ్గొట్టుకుంటే ఇక వేటే ఉండదు. అందుకే జింకను వదిలేసి పోతుంది. మన భాషలో చెప్పాలంటే ‘రైట్ ఆఫ్’ చేసి మరో వేటకు బలం మిగుల్చుకుంటుంది.

చిరుతపులిది మరో దారి. మన నల్లమలలో పెద్దపులి, చిరుత, రేచుకుక్కలు ఒకే అడవిని పంచుకుంటాయి. బరువులో పులితో, గుంపు బలంలో రేచుకుక్కలతో చిరుత సరితూగలేదు. దానికున్న బలం చెట్టెక్కగలగడం. చంపిన జంతువును కొమ్మ మీదకు లాక్కుపోగలదు, దట్టమైన పొదలో దాచుకోగలదు. చెట్లూ పొదలూ ఉన్నంతవరకే దానికి ఈ రక్షణ.

చెరువు చిన్నదైతే

సంత్రాగాఛిలోనూ విషయం ఇదే. చుట్టుపక్కల నుంచి వచ్చే మురుగునీటితో గుర్రపుడెక్క విపరీతంగా పెరుగుతుంది. ఈ కాలుష్యం సంగతి జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. చలికాలానికి ముందు గుర్రపుడెక్కను తొలగించి, పక్షులు వాలడానికి అక్కడక్కడా దిబ్బల్లా కొంత వదులుతారు. ఆ కొలత ముఖ్యం. చెరువంతా కమ్ముకుంటే వేటకు నీళ్ళు ఉండవు. చేపలు తినే పక్షులన్నీ మిగిలిన మడుగులోనే కిక్కిరిసిపోతే, పైన చెప్పిన లెక్క ప్రకారం దొంగలకు పండగే. పూర్తిగా తీసేస్తే బాతులకు నిలువనీడ ఉండదు.

అడవిలో దొంగతనాన్ని ఎవరూ ఆపలేరు, ఆపనక్కర్లేదు కూడా. బలహీనుడు తప్పించుకోవడానికి ఒక చెట్టూ, ఒక గుర్రపుడెక్క దిబ్బా, కాస్త విశాలమైన నీరూ మిగిలితే చాలు. దొంగా, యజమానీ ఇద్దరూ బతుకుతారు. ఆ జాగాను మిగల్చడం మాత్రం మన చేతుల్లోనే ఉంది.

ఈ చలికాలంలో కోల్‌కతా వచ్చే సహోద్యోగులు డిసెంబరు, జనవరి నెలల్లో ఒక ఉదయం ఆ గట్టుకు వెళ్ళండి. బాతులను చూశాక, ఒక్క పది నిమిషాలు నీటికాకి మీదా, దాని పైన తిరిగే గద్ద మీదా కన్నేసి ఉంచండి.