బొమ్మల కథలలోని వీరుల వేషములు

నాటకశాలలో పాత్రధారి రంగముపై నడుగిడినంతనే, అతడు నోరు విప్పకమునుపే, ఎవరో మనకు తెలియును. కిరీటమును జూచి రాజనియు, జటలను జూచి మునియనియు గ్రహింతుము. మన పూర్వులు దీనికి ఆహార్యమని పేరిడి, నాల్గు విధములైన అభినయములలో నొకదానిగా లెక్కించిరి. తోలుబొమ్మలాటలో నీ సంగతి మఱింత స్పష్టము. తెరమీద తోక వంపు తోచినంతనే చిన్నపిల్లలు సైతము హనుమంతుడు వచ్చెనని కేకలు వేయుదురు.

అమెరికా, ఐరోపా దేశములలో వర్ధిల్లి లోకమంతట వ్యాపించిన బొమ్మల కథల పుస్తకములు, అనగా మనము కామిక్కులని పిలుచునవి, ఈ యాహార్యవిద్యకు గొప్ప నిలయములు. వీనిని చదువుట కాలహరణమని కొందఱు పెద్దలు తలంతురు. ఆ వాదమును తీర్చుట మా పని కాదు. అయితే వానిలోని వీరుల వేషములు కొన్ని ఎనుబది యేండ్లు గడచినను ఏల మాసిపోలేదో, మంచి వేషమునకు లక్షణములేవో, వానిని కల్పించినవారికి దక్కినదేమో తెలిసికొనుట మా తోడి విద్యార్థులకు ప్రయోజనకరమని నమ్మి ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

ముందుగా చిత్రకారుని చిక్కులను గుర్తింపవలెను. పుస్తకములోని యొక్కొక్క పుట చిన్న చిన్న గడులుగా విభజింపబడి యుండును. ఆ గడిలో వీరుడొకప్పుడు బొటనవ్రేలంత, ఒకప్పుడు చీమంత. అంత చిన్న బొమ్మలో ముఖమును బట్టి మనిషిని పోల్చుట యసాధ్యము. పైగా ఒకే వీరుని నేడొక చిత్రకారుడు, రేపొక చిత్రకారుడు గీయును. అందఱి చేతిలోను అతడొక్కడే యని పాఠకుడు నమ్మవలెను. ఇక అచ్చు సంగతి. పూర్వము ఈ పుస్తకములు చౌకకాగితముమీద పసుపు, ఎఱుపు, నీలము, నలుపు అను నాలుగు సిరాలతోనే ముద్రింపబడెడివి. వాని మేళవింపువలన కొన్ని పదుల ఛాయలు మాత్రమే లభించెడివి.

ఈ యచ్చు చిక్కునకు ఒక మంచి దృష్టాంతము గలదు. 1962లో స్టాన్ లీ, జాక్ కర్బీ యనువారు హల్క్ అను భీకరాకారుని సృష్టించినపుడు అతని మేనికి బూడిదరంగు నిర్ణయించిరి. అచ్చులో నా రంగు ఒక పుటలో నొకవిధముగను, మఱియొక పుటలో వేఱొకవిధముగను పడెను. అందుచేత రెండవ సంచికనుండి వానిని ఆకుపచ్చగా మార్చిరి. నేడు లోకమెఱిగిన ఆ పచ్చని దేహము ముద్రణాలయములోని యిబ్బందివలన పుట్టినదే.

కావున మంచి వేషమునకు మూడు లక్షణములుండవలెనని మా యభిప్రాయము. మొదటిది, నీడను జూచినను వీరుని గుర్తుపట్టగలుగుట. రెండవది, రంగులు కొద్దిగా నుండియు కంటికి స్పష్టముగా నుండుట. మూడవది, ధరించినవాని స్వభావము ఆ యుడుపులో గనబడుట.

మొదటి లక్షణమును మేమొకనాటి రాత్రి వసతిగృహములో పరీక్షించితిమి. విద్యుద్దీపము లాఱిపోయిన సమయమున, దళసరి కాగితముతో కొందఱు వీరుల యాకారములను కత్తిరించి, టార్చిలైటు ముందుంచి గోడమీద నీడలు పడునట్లు చేసితిమి. గబ్బిలపు చెవులుగల టోపీ నీడ పడగానే గదియంతయు ఒక్క గొంతుతో బ్యాట్‌మన్ అని యఱచెను. నుదుటిపై లేచిన జుట్టు కుచ్చును జూచి టిన్‌టిన్‌ను పోల్చిరి. కండలు మాత్రమే కలిగి వేఱు గుర్తులేని వీరుల నెవ్వరును చెప్పలేకపోయిరి. బలముకంటె గుర్తు ముఖ్యమని మాకు నాడు బోధపడెను.

మన దేశపు పాఠకులకు చిరపరిచితుడైన ఫాంటమ్‌తో నారంభింతము. లీ ఫాక్ అను రచయిత 1936లో ఇతనిని వార్తాపత్రికలలో ప్రవేశపెట్టెను. తొలి చిత్రకారుడు రే మూర్. ఒంటికంటుకొని యుండు ఉడుపును, కనుపాపలు కనబడని ముసుగును ధరించిన వీరులలో నితడు మొదటివారిలోనివాడు. ప్రాచీన గ్రీకు శిలావిగ్రహముల కన్నులు తనకీ యూహను కలిగించెనని ఫాక్ చెప్పియున్నాడు. చూపు తెలియనివానిని జూచినపుడు మనకు సహజముగ భయము కలుగును. ఆ భయమే యీ వేషమునకు బలము. ఫాక్ మనస్సులో నా యుడుపు బూడిదరంగుది. కాని రంగులలో అచ్చువేసినపుడు అమెరికాలో ఊదారంగును, ఇటలీలో ఎఱుపును, స్వీడన్‌లో నీలమును ప్రచారములోనికి వచ్చెను. రంగు దేశమునకొక తీరుగా మాఱినను ఆ మనిషి మాఱలేదు. మన దేశములో 1964 మొదలు 1990 వఱకు వెలువడిన ఇంద్రజాల్ కామిక్స్ ఇతనిని ఎన్నో యిండ్లకు చేర్చెను.

1938లో సూపర్‌మన్ ప్రథమముగా ప్రకటింపబడెను. నీలపు ఉడుపు, ఎఱ్ఱని చల్లడము, వీపున నెఱ్ఱని యుత్తరీయము, ఛాతీమీద అక్షరము గల బిళ్ల: ఇంతే యతని వేషము. ఉడుపుపైన చల్లడము ధరించుటను జూచి నవ్వువారు కలరు. ఆ కాలమున సర్కసులలో బరువులెత్తు మల్లులు అట్లే ధరించెడివారని తెలిసినచో నవ్వు రాదు. ఆనాటి బాలురకు అది బలవంతుని చిహ్నము. ఒక్క నీలముతో నిండిన దేహమును నడుమ నెఱ్ఱని ముక్క విడదీసి, అంగముల కదలికను స్పష్టము చేయును. ఇక నుత్తరీయము సంగతి. కదలని బొమ్మలో వేగమును చూపుట యెట్లు? ఉత్తరీయము వెనుకకు చాగినచో వీరుడు ముందునకు దూసికొనిపోవుచున్నాడనియు, పైకెగసినచో క్రిందికి దిగుచున్నాడనియు చెప్పకయే తెలియును. 2011లో ప్రచురణకర్తలు ఆ చల్లడమును తొలగించిరి. 2018లో వేయవ సంచిక వెలువడిన సందర్భమున మరల నుంచిరి. సరిగా కుదిరిన వేషమును మార్చుట సులభము కాదని యిందువలన తెలియుచున్నది.

మఱుసటి యేడు, అనగా 1939లో, బ్యాట్‌మన్ వచ్చెను. సూపర్‌మన్ పగటివాడైన, ఇతడు రాత్రివాడు. బాబ్ కేన్ అను చిత్రకారుడు మొట్టమొదట గీసిన బొమ్మలో నితనికి ఎఱ్ఱని యుడుపును, కన్నులకు మాత్రము చిన్న ముసుగును, వీపున బిగుసుకొనియున్న ఱెక్కలును ఉండెను. ఆ బొమ్మను తన మిత్రుడైన బిల్ ఫింగర్ అను రచయితకు చూపెను. ఫింగర్ దానిని బాగుగా పరిశీలించి, తలను గప్పు చెవుల టోపీ నుంచుమనియు, కన్నులను తెల్లగా విడువుమనియు, ఱెక్కలకు మాఱుగా అంచులు కోసలు దేరిన యుత్తరీయమును వేయుమనియు, ఎఱుపును మాని బూడిదరంగు పూయుమనియు సూచించెను. మనము నేడెఱిగిన గబ్బిలవీరుడు ఈ సూచనలవలన బయలుదేరినవాడే. ఉత్తరీయమును దగ్గఱకు చుట్టుకొన్నచో నతడొక నల్లని నీడ. చేతులు చాచినచో నొక మహా గబ్బిలము. ఒక్క వస్త్రము రెండు రూపముల నిచ్చుచున్నది. దుష్టులను జడిపింపవలెనను నతని సంకల్పమంతయు ఆ వస్త్రములోనే కలదు.

1964లో నతని ఛాతీమీది గబ్బిలము చుట్టును పసుపుపచ్చని అండాకారము చేర్చబడెను. చీకటిలో దాగవలసినవానికి మెఱయు గుర్తేల యని ప్రశ్న పుట్టును. 1986లో ఫ్రాంక్ మిల్లర్ వ్రాసిన కథలో దీనికి చక్కని సమాధానము దొరకినది: శత్రువులు తలకు గుఱి పెట్టక, కవచముగల ఛాతీకే గుఱి పెట్టవలెనని ఆ గుర్తు. లోపమువలె తోచినదానినే నేర్పరియైన రచయిత గుణముగ మార్చుట యిట్లు.

మాకందఱికంటె ప్రియమైన వేషము స్పైడర్‌మన్‌ది. స్టాన్ లీ రచయితగా, స్టీవ్ డిట్కో చిత్రకారుడుగా 1962లో నితడు వెలువడెను. ఇతడు మనవంటి యున్నత పాఠశాల విద్యార్థి. ధనవంతుడు కాడు, తన యుడుపును తానే కుట్టుకొన్నాడు. ఎఱుపు నీలములమీద సాలెగూటి గీతలు, ముఖమంతయు కప్పిన ముసుగు, పెద్ద తెల్లని కన్నులు. నోరుకూడ కనబడని ముసుగుతో దుఃఖమును, సంతోషమును తెలుపుట చిత్రకారునకు మిక్కిలి కష్టము. అయినను ఆ బాలముఖమును దాచుటకై డిట్కో దానిని పూర్తిగా కప్పెను. అందువలన నొక గొప్ప ఫలము కలిగినది. చర్మము రవ్వంతయు కనబడకపోవుటచే లోపలనున్నవాడు ఏ జాతివాడో, ఏ దేశమువాడో తెలియదు. ఎవ్వరైనను ఆ ముసుగులో తమ్ము నూహించుకొనవచ్చును. 2011లో మైల్స్ మొరాలెస్ అను నల్లజాతి బాలుడు ఆ పేరును, నలుపు ఎఱుపుల కొత్త యుడుపును ధరించి ప్రకటింపబడినపుడు ఆ యూహ కథలోనే నిజమయ్యెను.

వేషమనగా ముసుగు, ఉత్తరీయము మాత్రమే యని తలపరాదు. బెల్జియము దేశపు హెర్జే 1929లో చిత్రించిన టిన్‌టిన్‌కు నవి యేవియు లేవు. గుండ్రని ముఖము, రెండు చుక్కల కన్నులు, లేచిన జుట్టు కుచ్చు, మోకాళ్ల క్రింద బిగించిన వదులు లాగు: ఇంతమాత్రమున నతడు చిరస్మరణీయుడయ్యెను. ముఖములో గీతలు తక్కువగుటచే పాఠకుడు అతని స్థానములో తన్ను సులభముగ నుంచుకొనును.

2014లో తన పేర ప్రత్యేక పత్రిక నొందిన కమలా ఖాన్ కథ వేషతత్త్వమును మఱింత చక్కగ బోధించును. ఈమె అమెరికాలోని జెర్సీ నగరమున పెరిగిన పాకిస్తానీ కుటుంబపు బాలిక. శక్తులు లభించిన తొలినాడు ఆమె తాను మెచ్చిన వేఱొక వీరనారి రూపమును, బంగారు జుట్టును, చాలీచాలని యుడుపును దాల్చెను. అది యామెకు సౌఖ్యము నీయలేదు. తుదకు స్నానసమయమున ఒడలు నిండుగ గప్పుకొను ఈత యుడుపునే తనకు తగినట్లు మార్చుకొని, దానిమీద మెఱుపు గుర్తును ధరించెను. ఒకరి వేషము ఎంత మెఱసినను మఱియొకరికి కుదరదు.

ఇంతవఱకు వేషముల మంచిని చెప్పితిమి. వానిని కల్పించినవారి సంగతి చెప్పక విడుచుట న్యాయము కాదు. సూపర్‌మన్‌ను సృష్టించిన జెర్రీ సీగెల్, జో షూస్టర్ అనువారలు క్లీవ్‌లండ్ నగరములోని గ్లెన్‌విల్ ఉన్నత పాఠశాల విద్యార్థులు. ఆ పాఠశాల పత్రికయే వారి తొలి రంగస్థలములలో నొకటి. 1938లో వారు సూపర్‌మన్‌పై తమ హక్కులన్నిటిని 130 డాలర్లకు వ్రాసి యిచ్చిరి. ఆ వీరుడు ప్రచురణకర్తలకు కోట్లు గడించి పెట్టెను; సృష్టికర్తలు ముదిమిలో నిబ్బందుల పాలైరి. షూస్టర్ చూపు మందగించెను. ఇతర చిత్రకారులు పూని గొంతెత్తిన పిమ్మట, 1975లో వారికి వార్షిక భృతియు, కథలమీద వారి పేర్లు వేయు గౌరవమును లభించెను.

బిల్ ఫింగర్ గతి మఱింత శోచనీయము. బ్యాట్‌మన్ కథలమీద బాబ్ కేన్ పేరొక్కటియే యుండునట్లు ఒడంబడిక జరిగెను. చెవుల టోపీని, కోసల యుత్తరీయమును సూచించిన ఫింగర్ 1974లో మరణించెను. సృష్టిలో నతని పాలును ప్రచురణకర్తలు గుర్తించి పేరు ముద్రించుట 2015లో జరిగెను. అనగా నతడు పోయిన 41 సంవత్సరములకు. లోకములో ఏ మూలనున్న బాలుడైనను ఆ చెవుల నీడను గుర్తించును. దాని నూహించినవాని పేరు మాత్రము ఎందఱికో తెలియదు.

ఇది దూరదేశపు సంగతియని మేమనుకొంటిమి. కాని యీ వ్యాసమునకై చదువుచుండగా మా తప్పిదమే మాకు జ్ఞప్తికి వచ్చెను. గడచిన యేడు వసతిగృహపు నాటకమునకై ఒక పటము సిద్ధమైనది. దానిని గీసినవాడు పైతరగతి విద్యార్థి. అందులోని వీరుని ముసుగును, రంగులను తలంచి, చిత్తుకాగితముమీద గీసి చూపినవాడు క్రింది తరగతిలోని మాటకారికాని బాలుడొకడు. పటము క్రింద పేరు వ్రాయు పని మాది. మేమొక్క పేరే వ్రాసితిమి. ఆ బాలుడు పటము ముందు కొంతసేపు నిలిచి, ఏమియు ననక వెడలిపోయెను. ఆనాడు మేము దానిని లెక్కచేయలేదు.

ఈ యేడు ఆ పటము మరల గోడ కెక్కినది. ఈ మాఱు దాని క్రింద రెండు పేర్లు గలవు. ఆలస్యమైనను నలువదియొక్క యేండ్లు పట్టలేదని సంతసించుచున్నాము. సోదర విద్యార్థులారా, ఇకమీద మీకు ప్రియమైన వీరుని బొమ్మను జూచినపుడు ఆ వేషమును మెచ్చుకొనుడు. పిదప పుటను ద్రిప్పి, దానిని కల్పించినవారి పేర్లను గూడ చదువుడు. అంతకు మించిన వెల మనమీయనక్కఱలేదు. అంతకు తక్కువ యిచ్చుట మాత్రము తగదు.