గాలి భూమిని విడిచిపోదేల?

తలుపులు మూసిన గదిలో దీపశిఖయైనను కదలనప్పుడు గాలి నిశ్చలముగా నున్నదని మనము తలంతుము. కాని అందలి అణువులు నలుదెసలకు పరుగిడుచునే యున్నవి. 27 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద నత్రజని అణువు సగటున సెకనుకు సుమారు 500 మీటర్ల వేగముతో పోవును. అడుగడుగున ఇతర అణువులతో ఢీకొని త్రోవ మారుచుండుటచేతనే వంటింటి పోపు వాసన వీధిగదిని చేరుటకు కొంత వ్యవధి పట్టుచున్నది.

ఈ వేగము రెండింటిపై ఆధారపడును: ఉష్ణోగ్రత, అణుభారము. ఉష్ణోగ్రత యనగా అణువుల సగటు చలనశక్తికి కొలత. ఒకే ఉష్ణోగ్రతలో బరువైన అణువునకును తేలికైన దానికిని ఆ శక్తి సమానము. కావున తేలికైనది వడిగా పరుగిడక తప్పదు. ప్రాణవాయువు అణువు ఉదజని అణువునకు 16 రెట్లు బరువు. ఉదజని వేగము దానికి 4 రెట్లు. అట్లే వేగము ఇనుమడింపవలెనన్న, మైనస్ 273 డిగ్రీల నుండి లెక్కించు పరమ ఉష్ణోగ్రత నాలుగింతలు కావలెను.

అణువులన్నియు ఒకే వేగమున పోవనియు, కొన్ని సగటును మిక్కిలి మించుననియు 1860లో మాక్స్‌వెల్ గణితముచే చూపెను. భూమ్యాకర్షణను తప్పించుకొనుటకు సెకనుకు సుమారు 11 కిలోమీటర్ల వేగము కావలెను. మిక్కిలి వేడియైన వాతావరణపు పై పొరలలో ఉదజని కణములు కొన్ని ఆ వేగమునందుకొని శూన్యములోనికి వెడలిపోవుచున్నవి. బరువైన నత్రజని, ప్రాణవాయువులు అట్లు పోజాలవు. చంద్రుని విడుచుటకు 2.4 కిలోమీటర్ల వేగమే చాలును. అచట గాలి నిలువకుండుటకు ఇది ముఖ్య కారణము. మనము పీల్చు ఊపిరి మనకు దక్కినది భూమి బలము వలనను, ఈ అణువుల బరువు వలననునే.