మీకు తెలుసా? ప్రసాదం వద్దన్న ఉత్తరం, శనివారం తగవు

గుడి నుంచి తెచ్చిన పులిహోర పక్కింటి క్రైస్తవులకు ఇవ్వబోతే, కొందరు నొచ్చుకుంటూనే "ఏమనుకోకండి, మేం ప్రసాదం తినమండీ" అంటారు. మన ఊళ్లలో చాలామందికి ఎదురైన అనుభవమే ఇది. ఆ మాట వెనక 1,900 ఏళ్లు దాటిన ఒక ఉత్తరం ఉందని మీకు తెలుసా?

క్రీ.శ. 49 ప్రాంతంలో యెరూషలేములో ఒక పెద్ద పంచాయితీ జరిగింది. యేసును నమ్మినవాళ్లలో అప్పటికి ఎక్కువమంది యూదులే. కొత్తగా గ్రీకులు, సిరియావాళ్లు చేరుతున్నారు. వీళ్లకు సున్నతి చేయించాలా, మోషే ధర్మశాస్త్రమంతా పాటించమనాలా అన్నది తగవు. మత్తుమందు లేని ఆ కాలంలో ఎదిగిన మగవాడికి సున్నతి అంటే మాటలు కాదు. ధర్మశాస్త్రాన్ని నిష్ఠగా పాటించే యూదు వర్గమైన పరిసయ్యుల్లోంచి వచ్చిన విశ్వాసులు చేయించాల్సిందే అన్నారు. యూదులు కానివాళ్ల మధ్య ప్రచారం చేస్తున్న పౌలు, బర్నబా అక్కర్లేదన్నారు. చివరికి యెరూషలేము సంఘ పెద్ద యాకోబు తీర్పు చెప్పాడు. సిరియాలోని అంతియొకయ సంఘానికి ఉత్తరం వెళ్లింది. విగ్రహాలకు పెట్టినవి, రక్తం, గొంతు పిసికి చంపిన జంతువు మాంసం, వ్యభిచారం, ఈ నాలుగింటికీ దూరంగా ఉండండి, చాలు అన్నారు. బైబిల్లో అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయం తీస్తే ఆ ఉత్తరం కనిపిస్తుంది. ప్రసాదం దగ్గరే కాదు, నెత్తురు వేపుడు (తెలంగాణలో నల్ల) దగ్గర కూడా తెలుగు క్రైస్తవ ఇళ్లలో ఈనాటికీ వాదన నడుస్తుందంటే కారణం అదే. తర్వాత కొరింథువాళ్లకు రాసినప్పుడు పౌలు కొంత సడలించాడు. విగ్రహం వట్టిదే, అయితే మీరు తినడం చూసి పక్కవాడి మనసు తడబడితే మానేయండి అన్నాడు. అందుకే ప్రసాదం కళ్లకద్దుకోకపోయినా తినేసే క్రైస్తవులూ ఉన్నారు.

మరి యూదులు కానివాళ్లు ధర్మశాస్త్రమంతా పాటించాలా అన్న ప్రశ్నకు యూదుల జవాబేమిటి? తమ ధర్మశాస్త్రంలో ఆజ్ఞలు 613 అని వాళ్ల లెక్క. చేయవలసినవి 248, చేయకూడనివి 365. వీటిలో చాలా భాగం యెరూషలేము ఆలయానికి, బలులకు సంబంధించినవి. క్రీ.శ. 70లో రోమన్లు ఆలయాన్ని కూల్చాక వాటిని పాటించే వీలే లేదు. అయితే ఈ 613 యూదులకే. మిగతా లోకానికి నోవహు కాలం నాటి ఏడు నియమాలు చాలని యూదుల గ్రంథం తల్ముదు చెబుతుంది. విగ్రహారాధన, దైవదూషణ, హత్య, వ్యభిచారం, దొంగతనం కూడదు. బతికున్న జంతువు నుంచి కోసిన మాంసం తినకూడదు. న్యాయస్థానాలు ఏర్పరచుకోవాలి. యాకోబు ఉత్తరం పక్కన ఈ ఏడూ పెట్టి చూడండి. యూదులు కానివాళ్ల విషయంలో రెండు వైపులా చెప్పింది ఇంచుమించు ఒకటే!

అసలు చీలిక ఇంకోచోట ఉంది. యేసును నమ్మిన యూదుడు తన ధర్మశాస్త్రాన్ని పాటించవచ్చా, మానాలా? మొదటి తరంలో పాటించారు. తల్లి యూదురాలు కాబట్టి తన సహచరుడు తిమోతికి పౌలే సున్నతి చేయించాడు. గ్రీకువాడైన మరో సహచరుడు తీతుకు చేయించలేదు. కొన్ని శతాబ్దాలు గడిచేసరికి సంఘం 'మానాల్సిందే' అంది. యూదుల దృష్టిలో అది దేవునితో చేసుకున్న ఒప్పందాన్ని తెంచుకోవడమే.

ధర్మశాస్త్ర పాటింపు ఎలా ఉంటుందో, విశ్రాంతి దినమైన శనివారం నాడు ఒక యూదు ఇంట్లోకి తొంగి చూద్దాం. శుక్రవారం సూర్యుడు మునగడానికి 18 నిమిషాల ముందు ఇల్లాలు దీపాలు వెలిగిస్తుంది. శనివారం చీకటిపడి చుక్కలు పొడిచేదాకా, అంటే దాదాపు 25 గంటలు, ఆ ఇంట్లో ఎవరూ కొత్తగా నిప్పు రాజేయరు, స్విచ్ వేయరు. ఫ్రిజ్ తలుపు తీస్తే బల్బు వెలుగుతుంది కాబట్టి దాన్ని ముందే విప్పేస్తారు. చింపడం కూడా పనే కాబట్టి టిష్యూ కాగితాలు శుక్రవారమే చింపి పెట్టుకుంటారు. ముందురోజు సన్నని సెగ మీద పెట్టిన మాంసం, చిక్కుడు గింజల కూర మర్నాటి మధ్యాహ్నందాకా ఉడుకుతూనే ఉంటుంది. ఇలా మానవలసిన పనులు 39 రకాలు.

బయటి నుంచి చూస్తే ఇదంతా సంకెళ్లలా కనిపిస్తుంది. పాటించేవాళ్లకు ఇది పండగ, వారానికోసారి ఇంటికొచ్చే రాణి. పైగా ప్రాణాపాయం వస్తే ఆ నియమాలన్నీ పక్కకు తప్పుకోవాలని రబ్బీలు (యూదుల ధర్మశాస్త్ర గురువులు) తేల్చి చెప్పారు. మరి ఊచచెయ్యి గలవాణ్ని విశ్రాంతి దినాన స్వస్థపరిచినందుకు యేసుతో పరిసయ్యులకు గొడవెందుకు? అది ప్రాణం మీదికి వచ్చిన జబ్బు కాదు, సాయంత్రందాకా ఆగవచ్చు కదా అన్నది వాళ్ల వైపు వాదన. మేలు చేయడానికి ఆగనక్కర్లేదన్నది యేసు మాట. ఇద్దరూ విశ్రాంతి దినాన్ని గౌరవించే మాట్లాడారని మరవకూడదు.

యూదులది శనివారమైతే, క్రైస్తవులు ఎక్కువగా పాటించేది ఆదివారం. ఆ ఆదివారం సెలవు మొదట ఎవరిచ్చారో తెలుసా? క్రీ.శ. 321 మార్చి 7న రోమన్ చక్రవర్తి కాన్‌స్టాంటిన్. న్యాయాధికారులు, పట్టణవాసులు సెలవు తీసుకోవాలన్నాడు. అదను దాటితే పంట పోతుందని రైతుకు మాత్రం మినహాయింపు ఇచ్చాడు. అదే శతాబ్దంలో లవొదికయలో జరిగిన సంఘ పెద్దల సభ, క్రైస్తవులు శనివారం పని మానకూడదని నియమం పెట్టింది. మానేవాళ్లు ఉన్నారు కాబట్టే కదా ఆ నియమం! 386లో అంతియొకయలో క్రైస్తవ బోధకుడు యోహాను క్రిసోస్టమ్, యూదుల పండగలకు, వాళ్ల ప్రార్థనాస్థలాలైన సమాజమందిరాలకు వెళ్తున్న క్రైస్తవులను ఆపడానికి నిప్పులు చెరిగే ప్రసంగాలు చేశాడు. మామూలు జనం కలిసిమెలిసి ఉన్నారనడానికి అవే సాక్ష్యం. ఆ ప్రసంగాలు తర్వాతి శతాబ్దాల్లో యూదుల మీద ద్వేషానికి ఆయుధమయ్యాయి. చాలా బాధాకరమైన చరిత్ర అది. యేసు మరణానికి యూదులందరినీ నిందించడం తప్పని కాథలిక్ సంఘం పత్రం రూపంలో ప్రకటించడానికి 1965 దాకా పట్టింది.

శనివారం మాత్రం క్రైస్తవంలో పూర్తిగా పోలేదు. ఇథియోపియా ఆర్థడాక్స్ సంఘం శని, ఆదివారాలు రెండింటినీ పవిత్రంగా చూస్తుంది. అక్కడ మగపిల్లలకు సున్నతి చేస్తారు, పంది మాంసం తినరు. నూజివీడు గిఫర్డ్ ఆస్పత్రి నడిపే సెవెన్త్ డే అడ్వెంటిస్టులదీ శనివారమే. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో ఒకప్పుడు బాప్టిస్టులుగా ఉన్న కొన్ని తెలుగు కుటుంబాలు తాము ఇశ్రాయేలీయుల్లోని ఎఫ్రాయీము గోత్రం వాళ్లమంటూ యూదు ఆచారాలు చేపట్టి సమాజమందిరం కట్టుకున్నాయి.

చివరగా పరిసయ్యుల మాట. చర్చి ప్రసంగాల్లో 'పరిసయ్యుడు' అంటే వేషధారికి మారుపేరైపోయింది. ఇది అన్యాయం. 'కంటికి కన్ను' అన్న నియమానికి డబ్బు పరిహారమని అర్థం చెప్పింది వాళ్ల వారసులైన రబ్బీలే. గాయం, నొప్పి, వైద్యం ఖర్చు, పోయిన పనిదినాలు, అవమానం, ఈ అయిదింటికీ విడివిడిగా లెక్కకట్టమన్నారు. గలిలయ పాలకుడు హేరోదు చంపాలని చూస్తున్నాడు, వెళ్లిపొమ్మని యేసును హెచ్చరించింది పరిసయ్యులని లూకా సువార్తలోనే ఉంది. యేసు శిష్యులైన అపొస్తలులను వదిలేయమని యూదుల మహాసభలో వాదించిన గమలీయేలు పరిసయ్యుడు. పౌలుకు ధర్మశాస్త్రం నేర్పింది ఆయనే. ఆ పౌలు కూడా, యేసును నమ్మి ఎన్నో ఏళ్లు గడిచాక, యెరూషలేము మహాసభ ముందు నిలబడి తాను పరిసయ్యుణ్ణని చెప్పుకున్నాడు. ఒకప్పుడు పరిసయ్యుణ్ణి అనలేదు, ఇప్పుడూ పరిసయ్యుణ్ణే అన్నాడు.