కరిగిన లవణాల్లో లోహక్షయం - ముందుగా పసిగట్టే వర్ణపట విశ్లేషణ

హైదరాబాద్: అధిక ఉష్ణోగ్రతలో కరిగి ద్రవరూపం పొందిన లవణాలు వేడిని నిల్వ ఉంచడంలోను, మోసుకుపోవడంలోను సమర్థమైనవి. అందువల్లనే వాటిని సౌర ఉష్ణ విద్యుత్ కేంద్రాల్లో వినియోగిస్తున్నారు. అణు రియాక్టర్లలో ఇంధన వాహకంగా ప్రయోగించారు. అయితే ఈ లవణాలు తాము ప్రవహించే గొట్టాల లోహాన్ని క్రమంగా తినివేయగలవు. రియాక్టర్‌లో గొట్టం దెబ్బతింటే రేడియోధార్మిక ద్రవం వెలుపలికి వచ్చే ప్రమాదం ఉంటుంది.

స్టెయిన్‌లెస్ స్టీలును తుప్పు నుంచి కాపాడేది అందులోని క్రోమియం. గాలి సోకినపుడు ఏర్పడే పలుచని ఆక్సైడ్ పొర దానికి కవచంగా నిలుస్తుంది. ఫ్లోరైడ్ లవణాల్లో ఈ పొర కరిగిపోతుంది. పైగా మిశ్రలోహంలోని ప్రధాన లోహాలలో ఫ్లోరిన్‌తో సులభంగా కలిసేది క్రోమియమే కావడంతో, రక్షించవలసిన లోహమే ముందుగా లవణంలో చేరిపోతుంది.

అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల 1965 నుంచి 1969 వరకు నడిపిన ద్రవలవణ ప్రయోగాత్మక రియాక్టర్ ఇందుకు చక్కని ఉదాహరణ. సుమారు 650 డిగ్రీల సెల్సియస్ వద్ద పనిచేసిన ఈ రియాక్టర్‌లో హాస్టెల్లాయ్-ఎన్ అనే నికెల్ మిశ్రలోహాన్ని వాడారు. అందులో క్రోమియంను సుమారు 7 శాతానికి పరిమితం చేసినందువల్ల క్షయం స్వల్పంగానే ఉంది. కాని లవణం తగిలిన ఉపరితలాలపై సన్నని పగుళ్లు బయటపడ్డాయి. ఓజే ఎలక్ట్రాన్ స్పెక్ట్రోస్కోపీతో జరిపిన పరిశీలనలు, యురేనియం విచ్ఛిత్తిలో పుట్టిన టెల్లూరియం లోహ రేణువుల సరిహద్దుల్లో చేరడమే ఇందుకు కారణమని నిర్ధారించడంలో తోడ్పడ్డాయి.

లవణాన్ని పరిశీలించడానికి మరొక పద్ధతి ఉంది. ప్రతి అయానూ తనకు ప్రత్యేకమైన తరంగదైర్ఘ్యాల కాంతిని గ్రహిస్తుంది. నాలుగు వేలన్సీ గల యురేనియం క్రోమియంను ఆక్సీకరణం చెందించి, తాను మూడు వేలన్సీకి మారుతుంది. ఈ రెండింటి వర్ణపటాలు వేర్వేరు కావడం వల్ల వాటి నిష్పత్తిని కొలిచి, లవణానికి లోహాన్ని తినే శక్తి ఎంత ఉన్నదో అంచనా వేయవచ్చు. ఆ శక్తి హెచ్చినపుడు బెరీలియం లోహాన్ని కలిపి తగ్గించవచ్చు. ఓక్ రిడ్జ్‌లో ఇదే విధానాన్ని అనుసరించారు. కరిగిన ఫ్లోరైడ్‌లకు గాజు తట్టుకోదు గనుక, కాంతిని పంపడానికి వజ్రపు కిటికీలు అమర్చిన పాత్రలను అక్కడి శాస్త్రజ్ఞులు రూపొందించారు.

లవణంలో ఎంత లోహం కరిగిందో వర్ణపటం తెలుపుతుందే గాని, ఏ గొట్టంలో ఏ చోట కరిగిందో తెలుపదు. కనుక లోహపు నమూనాలను కూడ విధిగా పరీక్షించవలసి ఉంటుంది.

ఆంధ్రప్రదేశ్ తీరపు ఇసుకలో లభించే మోనజైట్ ఖనిజం థోరియంకు ముఖ్యమైన వనరు. థోరియం వినియోగాన్ని దృష్టిలో ఉంచుకొని భాభా అణు పరిశోధన కేంద్రం ద్రవలవణ బ్రీడర్ రియాక్టర్‌పై అధ్యయనాలు చేపట్టింది. అటువంటి రియాక్టర్ ఎంతకాలం సురక్షితంగా పనిచేయగలదన్నది దాని గొట్టాల మన్నికపైనే ఆధారపడి ఉంటుంది.