కంప్రెసర్ ఒక్కటే మారిస్తే కారు చల్లబడదు

ఖానాపురం హవేలి: ఎండలు ముదిరాయంటే ఇక్కడి మెకానిక్ షెడ్ల ముందు పాత కార్లు బానెట్లు ఎత్తుకుని నిలబడతాయి. పాతికేళ్లనాటి అంబాసిడర్లు, తొలినాళ్ల మారుతీలు ఇంకా కనబడుతూనే ఉన్నాయి. కొత్తగూడెం, భద్రాచలం వైపు ఎండ 45 డిగ్రీలు దాటే రోజుల్లో బాలింతనో, గుండెజబ్బు మనిషినో ఆసుపత్రికి తీసుకెళ్లేవారు ముందుగా అడిగేది "ఏసీ ఉందా?" అనే.

దాంతో యజమానులు పాత కంప్రెసర్ తీయించి కొత్తది పెట్టిస్తున్నారు. డబ్బు పోశాక చల్లదనం రాక కొందరు, ఒక్క వేసవికే కొత్తది బిగుసుకుపోయి మరికొందరు లబోదిబోమంటున్నారు. తప్పు చాలాసార్లు కంప్రెసర్‌ది కాదు.

కంప్రెసర్ చలిని పుట్టించదు. కారు లోపలి వేడిని గ్యాసు మోసుకొస్తే, దాన్ని ఒత్తి కండెన్సర్‌కు పంపే పంపు మాత్రమే అది. వేడి బయటికి పోవలసింది రేడియేటర్ ముందున్న ఆ కండెన్సర్ నుంచే. పాత రెండు పిస్టన్ల కంప్రెసర్ బరువు, కుదుపు ఎక్కువ. చుట్టూ ఐదు చిన్న పిస్టన్లున్న కొత్త రకం నున్నగా తిరుగుతుంది, ఇంజిన్ మీద భారం తగ్గుతుంది. అంతవరకు మేలే. అయితే బ్రాకెట్ సరిగా కుదరక పుల్లీలు ఒకే వరుసలో లేకపోతే బెల్టులు తెగుతూనే ఉంటాయి.

అసలు చిక్కు గ్యాసుతో వస్తోంది. పాత బండ్లలో నింపింది ఆర్-12. ఆకాశంలోని ఓజోన్ పొరకు అది చేటు చేస్తుందని 1987లో మాంట్రియల్‌లో దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. మన దేశంలో 2008లో దాని తయారీ ఆగింది. ఇప్పుడు ఆ కార్లలో నింపేది ఆర్-134ఎ. పాత ఆయిల్ ఈ గ్యాసులో కలవదు. గ్యాసు తిరుగుతుంది, ఆయిల్ మాత్రం గొట్టాల్లో ఎక్కడో ఉండిపోతుంది. తడి అందని కంప్రెసర్ బిగుసుకుపోక ఏమవుతుంది? అందుకే పాత ఆయిల్ కడిగి, కొత్త గ్యాసుకు తగిన ఆయిల్ పోయాలి. డ్రయర్, రబ్బరు వాషర్లు మార్చాలి. కనీసం అరగంట వాక్యూమ్ పెట్టి లోపలి గాలి, చెమ్మ లాగేయాలి. కొత్త గ్యాసు పాతదాని కంటే తక్కువే పడుతుంది, సుమారు 80 నుంచి 85 శాతం. కొలత లేకుండా నింపితే చల్లదనం పెరగదు సరికదా, ఒత్తిడి పెరుగుతుంది. వాక్యూమ్ పంపు లేని షెడ్డులో ఈ పని చేయించకపోవడమే మంచిది. చవకగా వస్తుందని వంటగ్యాసు నింపుతామనే వారిని దగ్గరికి రానీయవద్దు. లీకైతే కారులోనే అంటుకుంటుంది.

శ్రీరామనవమికి భద్రాచలం దారిలో బండ్లు బారులు తీరి కదలనప్పుడు కండెన్సర్‌కు గాలి ఆడదు. రేడియేటర్ మరుగుతుంది, ఏసీ వేడిగాలి కొడుతుంది. వెడల్పాటి కొత్తరకం కండెన్సర్, దాని ముందు ఒక కరెంటు ఫ్యాను పెడితే సగం బాధ తీరుతుంది. ఆ ఫ్యానును మోయగల ఆల్టర్నేటర్ ఉందో లేదో ముందే చూసుకోవాలి. 1489 సీసీ డీజిల్ ఇంజిన్ అంబాసిడర్‌కైతే ఎత్తు ఎక్కేటప్పుడు ఏసీ ఆపక తప్పదు, ఏ కంప్రెసర్ పెట్టినా అంతే.

ఇక్కడి ఒక అంబాసిడర్ యజమాని ఈ లెక్కంతా విని కంప్రెసర్ బేరం ఆపేశారు. ముందు ఫ్యాను, కండెన్సర్ వేయించారు. మిగతాది మిర్చి అమ్ముడయ్యాక చూస్తానంటున్నారు.