పెదవి తగలని రామాయణం!

తెల్లకాగితం ముందు కూర్చుంటే ఒక్క మాటా రావడం లేదా? అయితే చేతికి మీరే సంకెల వేసుకోండి! ‘వాన మీద రాయి’ అంటే గంటసేపు కలం కొరుకుతాం. ‘వాన అనే మాట రాకుండా వాన మీద రాయి’ అంటే చినుకు, తుంపర, జల్లు, ముసురు, చూరు నీళ్లు అంటూ వెతుకులాట మొదలవుతుంది. ఈ పందెంలో మనవాళ్లు గట్టి పిండాలు!

అతి కఠినం: నిరోష్ఠ్యం. పద్యం చదువుతుంటే పెదవికి పెదవి తగలకూడదు. ప, ఫ, బ, భ, మ అయిదూ నిషిద్ధం. అమ్మ లేదు, పాలు లేవు, పువ్వు లేదు, ముద్దు అసలే లేదు. 16వ శతాబ్దంలో మరింగంటి సింగరాచార్యులు ఈ నియమంతో ఏకంగా రామకథే చెప్పారు. మరి ‘రామ’ అనడానికే వీల్లేదే! అందుకే కావ్యం పేరు ‘దశరథరాజనందన చరిత్ర’. పలికి చూడండి, పన్నెండు అక్షరాల్లో ఒక్కసారీ పెదవులు కలవవు. అదే పట్టు పట్టి మా సీమ మీద రాద్దామని కూర్చున్నా. కనగానపల్లికి ‘ప’ అడ్డం. పెనుకొండకూ అదే. ధర్మవరంలో ‘మ’, హిందూపురంలో ‘ప’, చివర ‘మ’లా పలికే సున్నా రెండూ! లేపాక్షి బసవన్నకూ దారి లేదు. నాకు తట్టినవాటిలో గట్టెక్కింది కదిరి ఒక్కటే.

అతి పాత సాకు: సుమారు 1300 ఏళ్ల కిందటిది. దండి సంస్కృత ‘దశకుమారచరితం’లో మంత్రగుప్తుడు తన కథంతా పెదవులు కలపకుండానే చెబుతాడు. కారణం? ప్రియురాలి పంటిగాట్లు! ఇంతకంటే అందమైన వ్యాకరణ నియమం నేనైతే వినలేదు.

అతి మొండివాడు: అమెరికా రచయిత ఎర్నెస్ట్ విన్సెంట్ రైట్. ఇంగ్లిషులో అన్నిటికన్నా ఎక్కువగా వాడే ‘ఇ’ (E) అక్షరం లేకుండా 50 వేల మాటలకు పైగా నవల రాసి 1939లో అచ్చువేశాడు. పొరపాటున వేలు పడుతుందని టైపు మిషను మీద ఆ మీట కట్టేశాడట! 1969లో జార్జ్ పెరెక్ ఫ్రెంచిలో అదే ఘనకార్యం చేశాడు.

అతి పెద్ద పుస్తకం: చూస్తే పది పద్యాలే! 1961లో ఫ్రెంచి కవి రేమండ్ కెనో పది పద్యాలు రాసి, ఒక్కోదాంట్లో ఉన్న 14 పాదాలనూ విడివిడిగా కత్తిరించాడు. ఒక పద్యంలోని పాదం బదులు మరో పద్యంలోని అదే వరుస పాదం పెట్టినా ఛందస్సు చెడదు. మొత్తం పద్యాలు కోటి కోట్లు! నిమిషానికొకటి చొప్పున రాత్రింబవళ్లు చదివినా 19 కోట్ల ఏళ్లు పడుతుంది. ఒక్కోటి ఒక్కో కాగితం మీద రాసి దొంతి పేరిస్తే 50 కోట్ల తాటిచెట్లు ఒకదాని నెత్తిన ఒకటి నిలబెట్టినంత ఎత్తు. చందమామ దూరానికి 26 రెట్లు!

అతి బరువైన కాడి: ఒకే పద్యంలో రెండు కథలు. పింగళి సూరన ‘రాఘవపాండవీయం’ ఇలా చదివితే రామాయణం, అలా చదివితే భారతం. 1565 తళ్లికోట యుద్ధం తర్వాత పెనుకొండ చేరిన విజయనగర రాజు తిరుమలరాయలకు ‘వసుచరిత్ర’ అంకితమిచ్చిన భట్టుమూర్తి కూడా ‘హరిశ్చంద్రనలోపాఖ్యానం’తో ఈ కాడి ఎత్తుకున్నాడు. ఎలకూచి బాలసరస్వతి మూడు కథలు మోశాడు. ధర్మవరం మగ్గం మీద ఒకే నేతలో మూడు చీరలు తీసినట్టే!

అతి వేగం: అవధానం. నిషిద్ధాక్షరిలో అవధాని ఒక అక్షరం పలకగానే, తర్వాత ఏది వస్తుందో ఊహించి, ప్రశ్నించే పృచ్ఛకుడు ‘అది వద్దు’ అంటాడు. కాలు మోపబోయే చోటల్లా ముల్లే. అయినా పద్యం ఆగదు. గరికిపాటి నరసింహారావు మహాసహస్రావధానంలో పృచ్ఛకులే 1116 మంది. యాభై సీట్ల పల్లెవెలుగు బస్సులు ఇరవై రెండు నిండినా ఇంకా పదహారు మంది నిలబడాలి.

అతి పొట్టి: నానీ. ఎన్.గోపి 1997లో మొదలుపెట్టారు. నాలుగు పాదాలు, 20 నుంచి 25 అక్షరాలు. ఉత్పలమాల ఒక్క పాదానికే 20 అక్షరాలు కావాలి!

అతి పొదుపరి: వేమన. సమాధి కదిరి దగ్గర కటారుపల్లిలో. ఆటవెలదికి ఉన్నవే నాలుగు పాదాలు. అందులో ఒకటి మకుటానికే పోయె. ఊరందరి గుట్టూ విప్పడానికి మిగిలింది మూడే. సి.పి. బ్రౌన్ 1829లో అచ్చువేయించిన పద్యాలు 693. పదేళ్లు తిరిగేసరికి 1164.